పదకొండు సెకన్ల వంతెన

సాహస క్రీడల శాఖామాత్యులు 2009 జ్యేష్ఠమాసంలో పలాస వచ్చి, జీడిపప్పు దండ మెడలో వేయించుకుని, మైకు ముందు రెండుసార్లు దగ్గి, ఈ జిల్లా కొండలు ఇంతకాలం పనీపాటా లేకుండా ఊరికే కూర్చున్నాయని ప్రకటించారు.

"స్విట్జర్లాండు చూడండి! అక్కడ ఒక్క కొండ ఖాళీగా ఉండదు. ప్రతి కొండ మీదా ఒక సైకిలు! ఇకమీదట మన కొండల మీదా సైకిళ్లే. వాటిని మౌంటెన్ బైకులంటారు. ఆ బైకర్ల సౌకర్యార్థం మన ప్రభుత్వం అయిదు స్మార్ట్‌ఫోను యాప్‌లు తయారుచేసింది. ఒకటి కాదు, రెండు కాదు, అయిదు!"

జనం చప్పట్లు కొట్టారు. యాప్ అంటే ఏమిటో తెలియకపోయినా అయిదంటే ఎంతో తెలుసు. ప్రభుత్వం అయిదు అన్నప్పుడు రెండైనా రాకపోవని అనుభవజ్ఞులు తలలూపారు.

ఆ సభలో చప్పట్లు కొట్టనివాడు పాపారావు ఒక్కడే. కొట్టకూడదని కాదు. రెండు చేతులతోనూ అర్జీ పట్టుకుని ఉన్నాడు. అర్జీ ప్లాస్టిక్ కవర్లో ఉంది. ఆ కవరు నిన్నటిదాకా ఎండుచేపల గంపలో ఉంది. లోకంలో తేమ తగలని చోటు ఏదైనా ఉంటే అది ఎండుచేపల నడుమేనని పాపారావు నమ్మకం. రేషను కార్డూ, పెళ్లినాటి ఫొటోనూ అక్కడే దాచి ముప్పై ఏళ్లుగా కాపాడుకొస్తున్నాడు. అందుకే ఆఫీసుల్లో అతని అర్జీని నంబరు చూసి వెతికేవారు కాదు, వాసన పట్టి తీసేవారు.

పాపారావుది వజ్రపుకొత్తూరు దాటాక సముద్రం ఒడ్డునున్న జాలరి పల్లె. వయసులో ఉండగా వేటకెళ్లేవాడు. ఒకసారి తెప్ప తిరగబడి మెడ దాకా మునిగాక, సముద్రాన్ని దూరం నుంచే గౌరవించడం మంచిదని తేల్చుకుని సైకిలెక్కాడు. భార్య అసిరమ్మ ఇసకలో ఎండబెట్టిన నెత్తళ్లు, సావిడాయల వంటి చేపలు రెండు గంపల్లో సర్ది కట్టుకుని, కొబ్బరితోటలూ జీడితోటలూ దాటి, పలాస రైలు గేటు దాటి, పెద్దరోడ్డు దాటి, మందస వెనక కొండల్లో ఉన్న సవర గూడేల దాకా తొక్కుతాడు. చేపలిచ్చి చింతపండు, పసుపు, కొండచీపుర్లు తెచ్చుకుంటాడు. అన్నిటికంటే పైన ఉన్నది జీడిగూడ. దాని ముందు చింతగెడ్డ అనే కొండవాగు.

వేసవిలో చింతగెడ్డంత మంచిది లేదు. వాన పడిందా, దానికి తల్లీ పిల్లా తెలియదు. అయిదేళ్ల కిందట పాపారావు సైకిలు ఒకదాన్ని మింగేసి, బెల్లు కూడా తిరిగివ్వలేదు. అప్పటినుంచీ వానాకాలం నాలుగు నెలలూ సైకిలు భుజాన వేసుకుని ఏడు కిలోమీటర్లు కోన చుట్టూ తిరిగి వెళ్లడమే. యాభై ఆరేళ్ల మోకాళ్లు ఇంకెన్ని వానలు ఓర్చుకుంటాయో అతనికే తెలియదు. మోకాళ్లు ఆగిన రోజు బతుకూ ఆగుతుంది. అతను అడిగింది ఒక్క కాలివంతెన, సైకిలు పట్టేంత. దానికోసం నాలుగేళ్లలో తొమ్మిది అర్జీలు పెట్టాడు. ఇది పదోది.

పార్టీ మండల నాయకుడు వరహాలు అతన్ని రెక్క పట్టుకుని వేదిక ఎక్కించాడు. మంత్రిగారు ముక్కుకు కండువా అడ్డం పెట్టుకుని అడిగారు.

"ఏం కావాలయ్యా?"

"సింతగెడ్డ మీద కాలివంతెన బాబూ. సైకిలు పట్టేటంత సాలు."

"కొండ మీదికి సైకిలేమిటి?"

"ముప్పై ఏల్ల కాణ్ణించి ఎల్తన్నాను బాబూ. ఎండుసేపలు అమ్ముకోడానికి."

వేదిక మీద గాలి మారింది. మంత్రిగారి వెనక కుర్చీలోంచి సూర్యప్రకాష్‌గారు లేచి నిలబడ్డారు. ఆయన కొండసైకిళ్ల అభివృద్ధి మండలికి ప్రత్యేకాధికారి, హైదరాబాదు నుంచి వచ్చిన మేధావి. మండలి పెట్టి ఎనిమిది నెలలైంది. దానికి ఆఫీసుంది, లోగో ఉంది, జీపుంది, అయిదు యాప్‌లున్నాయి. లేనిదల్లా కొండ మీద సైకిలు తొక్కే మనిషి. ఆ మనిషి ఇప్పుడు తువ్వాలు తలకు చుట్టుకుని ఎదురుగా ఉన్నాడు.

"సర్! హీ ఈజ్ ఎ నేచురల్ మౌంటెన్ బైకర్!" అన్నారాయన.

మంత్రిగారు కండువా ముక్కు మీంచి తీసేశారు. తన మెడలోని జీడిపప్పు దండ తీసి పాపారావు మెడలో వేశారు. ఆ దండను అసిరమ్మ మూడోనాడు కూరలో వేసింది, అది వేరే సంగతి. అక్కడికక్కడే అర్జీ మీద 'పరిశీలించవలెను' అని రాసి సంతకం పెట్టి, కింద గంటా నిమిషమూ వేశారు. మంత్రిగారికి ముహూర్తాల పట్టింపు ఎక్కువ. నోటీసు మీద పెట్టినా నేమ్‌బోర్డు మీద పెట్టినా సంతకం కింద టైము వెయ్యందే ఆయనకు చెయ్యి ఆగదు.

"మరి వంతెన బాబూ?" అన్నాడు పాపారావు.

"వస్తుంది," అన్నారు సూర్యప్రకాష్‌గారు. "ముందు సర్వే. మీ చేతికి స్మార్ట్‌ఫోను ఇస్తాం. మీరు రోజూలాగే తిరగండి. దారి ఎక్కడుందో ఎక్కడ లేదో ఫోనే శాటిలైటుకు చెప్పేస్తుంది. శాటిలైటు ఎక్కడ కావాలంటే అక్కడ వంతెన. మధ్యలో మనిషి ప్రమేయం ఉండదు."

మనిషి ప్రమేయం ఉండదన్న మాట పాపారావుకు తేనె రాసినట్టు తగిలింది. తొమ్మిది అర్జీలు పక్కన పడేసింది మనుషులే మరి.

నాలుగో రోజున సూర్యప్రకాష్‌గారే స్వయంగా జీపులో పల్లెకు దిగారు. ఒక అధికారి ఫోను పట్టుకుని అంత దూరం వచ్చి, ఇసకలో బోర్లించిన తెప్ప మీద కూర్చుని, ఒక ఎండుచేపల వర్తకుడికి పాఠం చెప్పడం ఆ తీరం ఎన్నడూ ఎరగదు. అసిరమ్మ చేతిలో చేప చేతిలోనే ఉంచుకుని వింది.

"ఇది దారి యాప్. మీరు వెళ్లినంత మేరా గీత గీస్తుంది. ఇది పంచరు యాప్. పంచరు ఎలా వెయ్యాలో నలభై బొమ్మల్లో చూపిస్తుంది."

"నలభై బొమ్మలు సూసేలోగ మూడు పంచర్లు ఏసీగలను బాబూ," అన్నాడు పాపారావు వినయంగా.

"అందుకే మీరు నేచురల్! ఇది గుండె యాప్. ఫోను ఒంటికి ఆనించి ఉంచుకుంటే గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో చెబుతుంది. ఇది ఆపద యాప్. ప్రమాదం వస్తే ఈ ఎర్రది నొక్కండి. హైదరాబాదులో మా ఆఫీసుకు వెంటనే తెలిసిపోతుంది."

"తెలిస్తే ఏటి సేత్తారు బాబూ?" అంది అసిరమ్మ.

"నమోదు చేసుకుంటామమ్మా."

"మరి ఎవులొత్తారు?"

"వచ్చేది వేరే శాఖ." ఆయన అయిదోది నొక్కారు. "ఇది వాన యాప్. చూడండి, ఆకాశం నిర్మలం, వాన సూచన లేదు అంటోంది."

అసిరమ్మ అప్పటికే గాలి వాసన పట్టి లేచిపోయింది. "లెగండి, లెగండి! ఈదురొచ్చేత్తంది! ఓలమ్మ, నా సావిడాయలు తడిసిపోతాయి!" అని కేకేస్తూ బరకాలు లాగింది. ప్రత్యేకాధికారి కూడా రెండు తట్టలు మోశారు. మోస్తూ, వాన తడుపుతున్న ఫోనుకేసి చూసి, "అప్‌డేట్ కావాలి, అంతే," అన్నారు. అంతటి నమ్మకం ఉన్నవాళ్లే దేశాన్ని ముందుకు నడిపిస్తారు.

ఫోను ఎప్పుడూ చొక్కా జేబులో, గుండెకు ఆనించి పెట్టుకోవాలని ఆయన మరీమరీ చెప్పి వెళ్లారు. చిక్కేమిటంటే పాపారావు కొండెక్కేటప్పుడు చొక్కా వేసుకోడు, చెమటకు పాడైపోతుందని ఇంట్లో మేకుకు తగిలించి వెళతాడు. అదీగాక అది ప్రభుత్వం వారి సొమ్ము, చుక్క తడి తగలకూడదు. రాత్రంతా ఆలోచించి, మర్నాడు ఫోనుకు రెండు ప్లాస్టిక్ కవర్లు తొడిగి, తనకు తెలిసిన అత్యంత భద్రమైన చోట దాచాడు. సావిడాయల గంపలో, అర్జీ కాపీ పక్కన.

ఆ రోజు చింతగెడ్డ ఒడ్డులు ఒరుసుకుని పారుతోంది. అలాంటప్పుడు పాపారావు పద్ధతి ఒకటుంది. రెండు గంపలతో సైకిలు ఎత్తుకుని కోన తిరగడం ఎవరి వల్లా కాదు. అందుకని పాత బోటు లంగరు తాడొకటి తెచ్చి, ఈ ఒడ్డు మద్దిచెట్టుకీ ఆ ఒడ్డు మద్దిచెట్టుకీ బిగించి, దానికి బోటు కప్పీ తగిలించాడు. కప్పీకి ఒక్కో గంపే వేలాడదీస్తే, అవతల ఒడ్డున సవర గౌరీశ్వరి చిన్నతాడు పట్టి లాగుతుంది. ఇవతల పాపారావు ఇంకో తాడు పట్టుకుని, గంప దూకుడుగా పోకుండా వదులుతూ ఉంటాడు. గౌరీశ్వరి జీడిగూడలో ఎండుచేపలకు పెద్ద ఖాతాదారు, పాపారావు రానిరోజు గూడెంలో చారు దిగదని దెప్పేది ఆమే.

"లాగీమంటావా బావా?" అని అటునుంచి కేక.

"లాగీ!"

సావిడాయల గంప గాలిలో జారిపోయింది. నీళ్ల మీద పన్నెండడుగుల ఎత్తున, కుదుపన్నది లేకుండా, పదకొండు సెకన్లలో అవతలికి చేరింది. రెండో గంపా దాటాక పాపారావు సైకిలు భుజానికెత్తుకుని, కోన చుట్టూ తిరిగి, మూడు గంటలకు జీడిగూడ చేరాడు. అప్పటికి గౌరీశ్వరి సగం గంప పంచేసింది.

"నీ కన్నా నీ గంపే నయం బావా. ముందొచ్చి అరుగు మీద కూకుంటాది," అంది.

పాపారావు నవ్వలేదు. కూర్చుని మోకాళ్లకు ఆముదం రాసుకున్నాడు. "ఇంకెన్నాల్లులే గౌరీ. సాటిలైటు సూత్తంది. ఈ తాపు వంతెన వొచ్చీత్తాది," అన్నాడు. నిజంగానే నమ్మాడు.

వారం తిరగ్గానే పలాస గెస్ట్‌హౌసుకు రమ్మని పాపారావుకు కబురొచ్చింది. సూర్యప్రకాష్‌గారు కంప్యూటరు ముందు ఆనందంతో ఊగుతున్నారు.

"కంగ్రాచ్యులేషన్స్ పాపారావుగారూ! చింతగెడ్డ మీద వంతెన ఉంది!"

"కట్టీసినారా బాబూ?" పాపారావు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"కట్టడమేమిటి, ఆల్రెడీ ఉంది! ఇదిగో." తెర మీద పచ్చగీత ఒకటి చింతగెడ్డను అడ్డంగా కోసుకుని పోతోంది. "నీటికి పన్నెండడుగుల ఎత్తున, పదకొండు సెకన్లలో దాటారు. మీ ఊరి నుంచి జీడిగూడ దాకా ఒక్క కుదుపు కూడా లేని చోటు ఇదే. పెద్దరోడ్డు కూడా ఇంత నున్నగా లేదు."

"అది నాను కాదు బాబూ. నాను సుట్టూ తిరిగి ఎల్లినాను. దాటింది సావిడాయలు."

"చేపలు సైకిలు తొక్కవు పాపారావుగారూ."

"తొక్కవు బాబూ. గంపలో పెట్టి తాడు మీద పంపుతాం. గంపలోనే ఫోనుండిపోనాది."

సూర్యప్రకాష్‌గారు జాలిగా చూశారు. "మా యాప్‌లో దారులు నాలుగు రకాలు. మట్టి, రాయి, తారు, వంతెన. తాడు అనే దారి లేదు. లేనిదాన్ని నేనెలా రాసేది? ఉన్నదే రాయాలి. అది రూలు."

"వంతెన నేదు గదా బాబూ!"

"మీరు చెప్పేది నోటిమాట. ఇది శాటిలైటు. అది సరే, మీ గుండె చూశారా? ఏడు గంటలు కొండల్లో తిరిగి, ఒక్కసారి కూడా కొట్టుకోలేదు. సున్నా! పెద్దపెద్ద క్రీడాకారులకు కూడా నలభైకి తగ్గదండీ. అంతటి ప్రశాంతత మీకెలా వచ్చింది?"

ఆ ప్రశాంతత మరో పది రోజులకు పూర్తిగా వచ్చింది. 'తమరు కోరిన వంతెన సదరు స్థలమునందు ఇప్పటికే ఉన్నందున తమరి అర్జీ సంతృప్తికరముగా పరిష్కరించబడినది' అని ఉత్తరం అందింది. పాపారావు దాన్ని కూడబలుక్కుని మూడుసార్లు చదివాడు. వంతెన లేనన్ని రోజులూ అడగడానికి ఒక దారి ఉండేది. ఇప్పుడు వంతెన వచ్చి ఆ దారి మూసేసింది. తొమ్మిది అర్జీలు పోయినా కలగని బాధ ఈ పదోది గెలిచినప్పుడు కలిగింది. ఆ పూట అన్నం ముందు నుంచి లేచిపోయాడు.

అసిరమ్మ మాత్రం లేవలేదు. "ఉన్నాదన్నోన్ని ఓపాలి నడిసి సూపించమను మావా," అంది ముద్ద కలుపుతూ. "ఆడు నడిత్తే మనమూ నడుత్తుం."

ఆ మాట దేవుడు విన్నాడో, వరహాలు విన్నాడో. శ్రావణమాసంలో పలాస గోడల నిండా పోస్టర్లు వెలిశాయి. కొండసైకిళ్ల మార్గాన్నీ చింతగెడ్డ వంతెననూ మంత్రివర్యులు ప్రారంభిస్తారు. తరవాత జీడిగూడలో బహిరంగసభ, ఆపైన జీడిపప్పు వేసిన నాటుకోడి భోజనం. ముహూర్తం పదకొండు గంటల నలభై నిమిషాలు.

"నేని వంతెనకి ఓపెనింగేటి వరాలూ?" అన్నాడు పాపారావు.

"కట్టడానికైతే వంతెన గావాల మావా. ఓపెనింగుకి రిబ్బనుంటే సాలదేటి?" అన్నాడు వరహాలు జిగురు బకెట్టు పట్టుకుని. "నువ్వు మాట్లాడకు. సాటిలైటు అబద్దం ఆడిందంటే పార్టీకి మాటొత్తాది."

ఆ రోజు పత్రికల వాళ్లు, టీవీల వాళ్లు, వంటవాళ్లు ముందే నలభై కిలోమీటర్ల చుట్టుదారిలో జీపులేసుకుని జీడిగూడ చేరుకున్నారు. సభాస్థలి కొండ మలుపు అవతల, గెడ్డ కనపడని చోట ఉంది. మంత్రిగారు మాత్రం కొత్త మార్గం గుండా, ఇరవై ఒక్క గేర్ల కొత్త సైకిలు మీద రావాలని కార్యక్రమం. జీపు ఆగిన చోట నుంచి రెండు వందల గజాలు ఆయన సైకిలు తొక్కారు. వెనక నుంచి వరహాలు తోశాడు. ఇద్దరిలో ఎక్కువ ఆయాసపడింది మంత్రిగారే కాబట్టి తొక్కింది ఆయనేనని ఒప్పుకోవాలి.

గెడ్డ ఒడ్డుకు చేరేసరికి పదకొండూ ఇరవై. రాత్రి కొండల్లో కురిసిన వానకు చింతగెడ్డ ఎర్రగా పొర్లుతోంది.

"వంతెన ఏదయ్యా?" అన్నారు మంత్రిగారు.

సూర్యప్రకాష్‌గారు ఫోను చూశారు. గెడ్డ చూశారు. మళ్లీ ఫోను చూశారు. "ఇక్కడే సర్. శాటిలైటుకు అయిదు మీటర్లు అటూ ఇటూ తేడా ఉంటుంది." ఎడమకు అయిదు మీటర్లు నడిచారు. కుడికి అయిదు మీటర్లు నడిచారు. వరహాలు తన వంతుగా ఒక తుప్ప పక్కకు తప్పించి వెనక్కి చూశాడు. అక్కడ కూడా లేదు.

"ఇరవై నిమిషాల్లో ముహూర్తం! అవతల టీవీలు! నలభై కిలోమీటర్లు తిరిగి వెళ్లేసరికి దుర్ముహూర్తం!" మంత్రిగారి మొహం గెడ్డ రంగుకు తిరిగింది. "ఈ వంతెన మీద మొన్న ఎవరు దాటారు?"

"పాపారావు సర్."

అందరూ పాపారావు వంక తిరిగారు. అతను మద్దిచెట్టు కింద, గంపలో చేపలు ఓ పక్కకు సర్దుతున్నాడు.

"అదే వంతెన బాబూ," అన్నాడు తాడు చూపించి. "ఈయన రాసినారు. పదకొండు సెకన్లు."

"మనిషిని ఆపుతుందా?"

"మూడు బత్తాల బరువు ఆపుద్ది. మనిసైతే ఇంకా ఎవులూ ఎక్కనేదు. మీరు ఎక్కితే మీదే ఓపెనింగు."

ఓపెనింగు అన్న మాటకు ఉన్న శక్తి లోకంలో దేనికీ లేదు. మంత్రిగారు ఒకసారి ఆకాశం వంక, ఒకసారి గడియారం వంక చూసి, పంచె పైకి కట్టి సావిడాయల పక్కన గంపలో కూర్చున్నారు. చారిత్రక ఘట్టం నమోదు కావాలని సూర్యప్రకాష్‌గారు తన చేతిలోని ఫోనే ఆయన చొక్కా జేబులో, గుండెకు ఆనించి పెట్టారు. గౌరీశ్వరి అవతల నుంచి చూసి, "ఈ తాపు పెద్ద సేపే పడ్డాది బావా!" అని కేకేసి లాగడం మొదలుపెట్టింది.

సగం దూరం చక్కగా సాగింది. గెడ్డకు సరిగ్గా నడుమకు వచ్చేసరికి పాపారావు చేతిలో తాడు ఆగింది. గౌరీశ్వరి కూడా ఆగింది. గంప గాలిలో మెల్లగా ఒక చుట్టు తిరిగింది.

"ఏమైందిరా!"

"ఏటీ నేదు బాబూ," అన్నాడు పాపారావు, తాడు చెట్టుకు రెండు చుట్లు తిప్పి. "సేతులు నొప్పెట్టినాయి. పెద్దోన్ని గదా, కూసింత ఊపిరి తీసుకుంటాను. ఈలోగ ఒక్క మాట సెప్పండి బాబూ. తమరు ఇప్పుడు వంతెన మీద ఉన్నట్టా, నేనట్టా?"

"వేలాడుతున్నానురా!"

"అదే ఓ కాయితమ్ముక్క మీద రాసీండి బాబూ. అర్జీ కాపీ గంపలోనే ఉన్నాది. సావిడాయల కింద."

అప్పుడే మంత్రిగారి జేబులోంచి ఒక ఇంగ్లీషు ఆడగొంతు పలికింది. గుండె నిమిషానికి నూట డెబ్బై సార్లు కొట్టుకుంటోందనీ, వ్యాయామం అద్భుతంగా ఉందనీ గుండె యాప్ మెచ్చుకుంది. ఆకాశం నిర్మలంగా ఉందని వాన యాప్ చెప్పింది. వాన పడుతోంది. మంత్రిగారు ఆపద యాప్ ఎర్రబొత్తాం వరసగా ఆరుసార్లు నొక్కారు.

"కంగారు పడకండి సర్!" అని ఒడ్డు నుంచి సూర్యప్రకాష్‌గారు ధైర్యం చెప్పారు. "ఆఫీసులో నమోదై ఉంటుంది!"

మంత్రిగారు కింద పొర్లుతున్న నీళ్ల వంక చూశారు. తరవాత చేపల కింద చెయ్యి పెట్టి అర్జీ తీసి, మోకాలి మీద ఆనించి, గడగడా రాశారు. 'చింతగెడ్డ మీద వంతెన లేదు. నేను స్వయంగా చూశాను. వెంటనే కట్టవలెను.' సంతకం పెట్టారు. గాలిలో వేలాడుతున్నా అలవాటు మానలేదు. కింద పదకొండూ ముప్పై రెండు అని టైము వేశారు.

పాపారావు తువ్వాలు ఊపాడు. గౌరీశ్వరి లాగింది. మిగతా సగం అయిదు సెకన్లలో అయిపోయింది.

సరిగ్గా పదకొండూ నలభైకి మంత్రిగారు జీడిగూడ సభలో మైకు అందుకున్నారు. "ఇప్పుడే ఆ వంతెన దాటి వచ్చాను. ఏం వంతెన! కాలు నేలకు ఆనినట్టే లేదు! గాలిలో తేలినట్టుంది! ఆ అనుభూతి జన్మలో మరిచిపోలేను!" అన్నారు. ఒక్క అక్షరం కూడా అబద్ధం లేని ప్రసంగం ఆయన జీవితంలో అదే మొదటిది. టీవీలన్నీ చూపించాయి. ఉపన్యాసం ఆసాంతం గూడెంలోని పిల్లులన్నీ వేదిక ముందు బుద్ధిగా కూర్చుని విన్నాయి. భోజనమయ్యాక ఆయన నలభై కిలోమీటర్ల దారిని కూడా పరిశీలించాలని నిర్ణయించుకుని జీపెక్కి వెళ్లిపోయారు.

పాపారావు ఆ రాత్రి నిద్రపోలేదు. సంతోషంతోనే. మంత్రి చేతిరాత, మంత్రి సంతకం, 'వంతెన లేదు'. శాటిలైటుకు మించిన సాక్ష్యం. ఈసారి అర్జీని గంపలో పెట్టలేదు. మేకుకున్న చొక్కా తీసి వేసుకుని, జేబులో పెట్టుకుని, జేబు మీద చెయ్యి ఉంచి బస్సెక్కాడు. ఆఫీసులో గుమాస్తా వాసన చూడకుండానే తీసుకుని, సంతకం చూసి లేచి నిలబడ్డాడు. కుర్చీ వేశాడు. టీ తెప్పించాడు. తిరిగొచ్చి పాపారావు ఆ టీ రుచి అసిరమ్మకు రెండు రోజులు చెప్పాడు. జీడిగూడలో గౌరీశ్వరి అప్పుడే వంతెన మీద మొదట ఎవరు నడవాలో వంతులు వేసేసింది.

నలభై రోజులకు ఉత్తరం వచ్చింది. అసిరమ్మ చేపలు తిరగేస్తోంది. పాపారావు గుమ్మంలో కూర్చుని, వేలు పెట్టి, ఒక్కొక్క మాటే చదువుకున్నాడు.

'తమరు సమర్పించిన పత్రము మీద మంత్రివర్యుల సంతకము అసలైనదేనని నిర్ధారించడమైనది. సదరు సంతకము 11-32 గంటలకు చేసినట్టు మంత్రివర్యులు స్వహస్తముతో వేసియున్నారు. ఆ సమయమునకు మంత్రివర్యులు గెడ్డకు సరిగా నడుమ, నీటికి పన్నెండడుగుల ఎత్తున, రెండు నిమిషములు కదలక నిలిచియున్నట్టు దారి యాప్‌నందు నమోదై ఉన్నది. వంతెన లేనిచో మంత్రివర్యులు అచట నిలుచుట అసాధ్యము. కావున సదరు పత్రమును వంతెన పటిష్ఠతకు ధ్రువపత్రముగా స్వీకరించి, తమరి అర్జీని శాశ్వతముగా పరిష్కరించడమైనది.'

"ఏటి రాసినారు మావా?" అంది అసిరమ్మ తల ఎత్తకుండానే.

పాపారావు ఉత్తరం నాలుగు మడతలు పెట్టాడు. ప్లాస్టిక్ కవర్లో పెట్టి, మూతి ముడేసి, గంపలో సావిడాయల కింద దోపాడు.

"వంతెన గట్టిగున్నాదట," అన్నాడు. గంప సైకిలుకు ఎత్తి కట్టి, మోకాళ్లు ఓసారి రుద్దుకున్నాడు. "తాడే మార్చాల అసిరీ. మంత్రిగోరు ఎక్కీసరికి సాగిపోనాది."